గ్రీన్‌హామ్ కంచె పట్టుకున్నవాళ్లు క్షిపణులను వెనక్కి పంపారా?

కొండవాగు:
1982 డిసెంబరు 12న ఇంగ్లండులోని గ్రీన్‌హామ్ కామన్ వైమానిక స్థావరంలో అమెరికా అణు క్షిపణులు పెట్టొద్దంటూ దాని కంచె చుట్టూ 30 వేల మంది మహిళలు చేయీ చేయీ కలిపి నిలబడ్డారు. కంచెకు పిల్లల గౌన్లు, ఫోటోలు కట్టారు. అయిదేళ్లకు అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ మధ్యశ్రేణి క్షిపణులను తీసేసే ఐఎన్ఎఫ్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. 2,692 క్షిపణులు తుక్కయ్యాయి. ఉద్యమాలతో ఏమీ కాదనేవారు దీనికేమంటారు?

లెక్కలమాస్టారు:
మధ్యలో ఒక ఏడాదిని మింగేశారు. 1983 నవంబరులో క్రూయిజ్ క్షిపణులు ఆ కంచె దాటి లోపలికి వచ్చాయి.

దారినపోయేవాడు:
30 వేలని ఎవరు లెక్కపెట్టారో!

కొండవాగు:
వచ్చాయి, కాదనను. 'ఇటూ అటూ ఒక్క క్షిపణీ వద్దు' అని రీగన్ ఎప్పుడన్నాడు? 1981 నవంబరులో. అంతకు ముందు నెలే అప్పటి పశ్చిమ జర్మనీ రాజధాని బాన్ వీధుల్లో క్షిపణులు వద్దంటూ లక్షల మంది కదిలారు. సోవియట్లు ఎలాగూ ఒప్పుకోరన్న ధీమాతోనే అలా అన్నాడని విమర్శకులు అప్పుడే అన్నారు. జనాన్ని ఊరుకోబెట్టడానికి అన్న మాట చివరికి మెడకు చుట్టుకుంది.

లెక్కలమాస్టారు:
పశ్చిమ జర్మనీలో అమెరికా క్షిపణులైన పెర్షింగ్‌లు దిగకపోతే గోర్బచేవ్ తమ ఎస్ఎస్-20 క్షిపణులను వదులుకునేవాడా? మళ్లీ చెబుతున్నా, 1983 నవంబరు.

సన్నజాజి:
ఆ నవంబరులోనే సోవియట్లు చర్చల్లోంచి లేచి వెళ్లిపోయారు మాస్టారూ! భయమే పనిచేసి ఉంటే 1987 దాకా ఎందుకు ఆగినట్టు?

కొండవాగు:
ఫ్యాను కింద కూర్చుని జీతం తీసుకున్నవారికి ఆ కంచె పక్కన టెంటులో చలి ఏం తెలుస్తుంది లెండి.

లెక్కలమాస్టారు:
టెంటు గురించి నాకు చెప్పకండి. మిల్లు మూసేసినప్పుడు మా నాన్న గేటు ముందు పద్నాలుగు నెలలు కూర్చున్నారు. వాన పడితే గోనెసంచి కప్పుకునేవారు. రాత్రి క్యారేజీ తీసుకెళ్లింది నేనే. మిల్లు తెరవలేదు. కూర్చుంటే కదులుతుందని మీరంటుంటే, మా నాన్న సరిగా కూర్చోలేదన్నట్టు వినిపిస్తోంది నాకు.

కొండవాగు:
ఫ్యాను మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి. గ్రీన్‌హామ్‌లో చివరి క్షిపణి 1991లో వెళ్లిపోయింది, మహిళల శిబిరం మాత్రం 2000 దాకా ఉంది. గెలిచామనుకుంటే అన్నాళ్లు కూర్చునేవాళ్లు కాదేమో.

లెక్కలమాస్టారు:
2019లో అమెరికా ఆ ఒప్పందం నుంచి తప్పుకున్నప్పుడు కంచె దగ్గర ఎవరున్నారు?

సన్నజాజి:
కంచే లేదండీ. అది మళ్లీ ఉమ్మడి భూమి అయింది. ఆవులు మేస్తున్నాయి.

లెక్కలమాస్టారు:
సరే. నవంబరు సంగతి మాత్రం నేను తప్పు చెప్పలేదు.