సినిమా బ్యాక్‌గ్రౌండ్ స్కోర్‌లో వేరేవాళ్ళ స్టైల్ వినిపిస్తే ఎక్కడిదాకా ఓకే? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే అండి, మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. చిన్నప్పటినుంచి వయొలిన్ నేర్చుకున్నా, ఇప్పుడు ఫ్రెండ్స్ తీస్తున్న షార్ట్ ఫిల్మ్‌కి మ్యూజిక్ చేస్తున్నా.

మొన్న ఆర్కే బీచ్‌లో కూర్చుని ఇంగ్లీష్ కంపోజర్ హోల్‌స్ట్ 1914లో రాసిన ఆర్కెస్ట్రా పీస్ 'మార్స్' విన్నా. మొదట్లో వయొలిన్లవాళ్ళు బో వెంట్రుకలతో కాకుండా దాని చెక్కతో తీగల మీద కొడతారు, టకటకమని, అయిదు బీట్ల లెక్క, మన ఖండచాపు తాళంలా అయిదే గానీ విరుపు వేరు. వింటుంటే ఒళ్ళు జలదరించింది, వెంటనే 1977 స్టార్ వార్స్‌లో జాన్ విలియమ్స్ యుద్ధం మ్యూజిక్ గుర్తొచ్చింది. అదే బరువు, అదే ఇత్తడి వాయిద్యాల హోరు, అయినా ట్యూన్ మాత్రం ఆయనదే. మనకి ఒకే మోహన రాగంలో ఎన్ని పాటలున్నా ఒకటి ఇంకోదానికి కాపీ అనం కదా, ఇదీ అలాంటిదేనా?

నా ఇబ్బంది ఏంటంటే మా ఎడిటర్ ఫిషింగ్ హార్బర్ ఛేజ్ సీన్‌కి టెంప్ ట్రాక్‌గా (అసలు మ్యూజిక్ వచ్చేదాకా తాత్కాలికంగా పెట్టుకునేది) ఒక హాలీవుడ్ ముక్క పెట్టేశాడు, డైరెక్టర్‌కి నెలరోజులుగా అదే వినీ వినీ అలవాటైపోయింది, ఇప్పుడు నేను ఏం చేసిచ్చినా "ఆ ఫీల్ రాలేదు" అంటున్నాడు. నాకేమో దానికి దగ్గరగా వెళ్ళాలంటే భయం, మనసు కూడా ఒప్పట్లేదు.

లయ, వాయిద్యాలు అలాగే ఉంచి స్వరాలు మొత్తం మారిస్తే సరిపోతుందా? లేక టెంప్ తీసేసి మళ్ళీ సీన్ చూడమని డైరెక్టర్‌ని అడగాలా? సినిమాలకి పనిచేసినవాళ్ళెవరైనా మీరెలా ఒప్పించారో కాస్త చెప్పండి, వచ్చే వారమే మిక్సింగ్.