అప్‌డేట్: సైకిల్ దిగాక కాళ్లు మొద్దుబారే సమస్య

స్ప్రింట్ ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీలో తక్కువ దూరం రకం) కోసం 20 కిలోమీటర్లు తొక్కి దిగితే పరుగెత్తలేకపోతున్నా, ఏం చేయాలని అడిగాను కదా, దానికి అప్‌డేట్. బరువు గేర్ వదిలేసి పెడల్ నిమిషానికి 85-90 చుట్లు తిరిగేలా తేలిక గేర్‌లో తొక్కమన్నారు, మొదట్లో ఊరికే కాళ్లాడిస్తున్నట్టు చిరాకేసింది కానీ ఇప్పుడు తొడలు పట్టేయడం బాగా తగ్గింది. హైదరాబాద్ నార్సింగి దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) పక్కన సోలార్ కప్పున్న ట్రాక్ మీద తొక్కి, దిగిన వెంటనే ఓ పది నిమిషాలు పరుగు, అసలు తేడా అక్కడే వచ్చింది. ఇక మలుపుల సంగతి: మలుపుకు ముందే బ్రేకు, లోపలి పెడల్ పైకి, బరువంతా బయటి కాలి మీద. ఇది ఖాళీ పార్కింగ్‌లో నేర్చుకున్నా. తొక్కుతూ బాటిల్ తీయాలంటే మాత్రం ఇంకా టెన్షనే. అన్నట్టు, పోటీలో సైకిల్ ముట్టుకోకముందే హెల్మెట్ బకిల్ పెట్టుకోవాలన్న రూల్ చెప్పినవారికి థాంక్స్. క్లిప్‌లెస్ పెడల్స్ (షూ అడుగు లాక్ అయ్యే రకం) ఇప్పుడే కొనట్లేదు.