ప్లేటు వేశాక మణికట్టు వేలాడుతోంది: నరానికి అల్ట్రాసౌండ్ పనికొస్తుందా?

తమ్ముడి_అక్క:
బండి మీద నుంచి పడి మా తమ్ముడికి భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఎముక బాగానే కూర్చుందట. కానీ మణికట్టు వేలాడిపోతోంది, వేళ్లు చాపలేకపోతున్నాడు, బొటనవేలి వెనకవైపు చర్మం మొద్దుబారింది. ఆపరేషన్‌కి ముందు వేళ్లు ఆడాయో లేదో కేసు షీటులో రాసి లేదు. ఒక డాక్టరు గారు మూడు వారాలు ఆగి ఈఎంజీ (కండరంలోకి సన్నని సూది పెట్టి నరం అందుతోందో లేదో చూసే పరీక్ష) చేద్దామన్నారు. ఇంకొకరు ఈలోగా నరానికి అల్ట్రాసౌండ్ చేయించమన్నారు. కడుపుకి చేసే స్కానింగే కదా, అందులో నరం కనిపిస్తుందా? ఎమ్మారై మేలా? టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఫిజియో_మిత్ర:
అక్కా, పరీక్షలు ఏవైనా, ముందు మణికట్టుకి స్ప్లింట్ (వేలాడకుండా పట్టి ఉంచే పట్టీ) పెట్టించండి. రోజూ రెండో చేత్తో వేళ్లు పూర్తిగా చాపి వంచమనండి. నరం తిరిగొచ్చేసరికి కీళ్లు బిగుసుకుపోతే దాన్ని సాగదీయడం ఇంకో పెద్ద పని.

నరాల_స్కాన్:
నేను రేడియాలజిస్టుని, నరాల స్కానింగ్ నా రోజువారీ పని. మెషీను అదేనండీ, చర్మానికి ఆనించే ప్రోబ్ వేరు. కడుపుకి 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ ప్రోబ్ వాడతాం. అది లోతుకి చూస్తుంది కానీ సన్నని వివరం ఇవ్వదు. నరానికి 12 నుంచి 18, కొన్ని మెషీన్లలో ఇంకా ఎక్కువ. లోతు తగ్గుతుంది, కానీ చర్మానికి దగ్గర్లో ఉన్నదాంట్లో మిల్లీమీటరు కంటే చిన్న తేడా కూడా తెలుస్తుంది. అడ్డంగా చూస్తే మంచి నరం తేనెపట్టు ముక్కలా ఉంటుంది. నల్లటి చుక్కలు లోపలి నరపు కట్టలు, చుట్టూ తెల్లటి గీతలు వాటిని పట్టి ఉంచే పొరలు.

మీరు చెప్పినవన్నీ రేడియల్ నరం లక్షణాలు. అది ఆ ఎముక వెనక నుంచి, ఎముకను ఆనుకుని చుట్టు తిరిగి వెళ్తుంది. అందుకే ఈ ఫ్రాక్చర్లలో తరచూ దెబ్బ తింటుంది. నరం నలిగిందా, తెగిందా, ప్లేటు కిందో ఎముక ముక్కల మధ్యో ఇరుక్కుందా అన్నదే తేలాలి. మొదటి రోజుల్లో మూడూ పైకి ఒకేలా ఉంటాయి. ఈఎంజీ తొందరపడి చేస్తే తేలదు. కండరంలో మార్పులు పూర్తిగా బయటపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి ఆగమన్న డాక్టరు గారి మాట సరైనదే. కానీ నరం ముక్కలైందో లేదో చూడటానికి అంతకాలం ఆగక్కర్లేదు.

ఇంకో సంగతి, నా దృష్టిలో ఇదే ముఖ్యం. మూడు వారాల తర్వాత ఈఎంజీలో 'కండరానికి నరం అందట్లేదు' అని వచ్చినా, లోపలి పోగులు మాత్రమే తెగాయా, నరమే రెండుగా తెగిందా అన్నది అది చెప్పలేదు. మొదటిదైతే పోగులు రోజుకి సుమారు మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతాయి, ఓపిక పట్టొచ్చు. రెండోదైతే కుట్టాలి, లేదా గ్రాఫ్ట్ (మధ్యలో అతికే వేరే నరం ముక్క) వేయాలి. నెలలు గడిచేకొద్దీ కండరం క్షీణించిపోతుంది. ఈ తేడా తెలియక ఎదురుచూస్తూ ఉండిపోయిన వాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది.

నేనైతే మోచేతి దగ్గర, నరం బాగున్న చోట మొదలుపెట్టి ప్రోబ్‌ని మెల్లగా పైకి జరుపుతాను. దెబ్బ తగిలిన చోటికి వచ్చేసరికి నరం లావెక్కి, తేనెపట్టు చెదిరి, అంతా నల్లగా అవుతుంది. తెగిపోతే గీతలు అక్కడితో ఆగిపోయి కొస ఉబ్బి ఉంటుంది. అనుమానం వస్తే బాగున్న చేతిలో అదే చోట పోల్చి చూస్తాను.

ఎమ్మారైలో లోహం చుట్టూ బొమ్మ చెడిపోతుంది. అల్ట్రాసౌండ్‌లో ప్లేటు మెరిసే తెల్లని గీతలా కనబడుతుంది. దాని కింద ఏముందో కనబడదు, పైనుంచి వెళ్లే నరం మాత్రం కనబడుతుంది. నరం ఆ గీత కిందికి దూరి మాయమైతే సర్జన్‌కి వెంటనే చెప్పాల్సిన విషయం. గాయం ఆరకపోయినా, వాపు, రక్తపు గడ్డ ఎక్కువగా ఉన్నా కొంత కష్టమే. చేసే మనిషి అనుభవం మీద కూడా చాలా ఆధారపడుతుంది.

ముంజేయి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా ముంజేతిలో ఉసిరికాయంత గడ్డ ఉంది. నొక్కితే వేళ్ల దాకా జివ్వుమంటుంది. కొవ్వు గడ్డే, చిన్న కోత పెట్టి తీసేద్దాం అన్నారు.

నరాల_స్కాన్:
జివ్వుమంటోందంటే స్కాన్ చేయకుండా కత్తి పెట్టనివ్వకండి. గడ్డ పక్కలకి కదులుతూ, చేతి పొడవునా పైకీ కిందికీ కదలకపోతే నరం గడ్డ అనే అనుమానం ఇంకా పెరుగుతుంది. స్కాన్‌లో ఒక కొసన నరం గడ్డలోకి వెళ్లి రెండో కొసన బయటికి రావడం కనబడితే దాదాపు ఖాయం. అదే స్కాన్‌లో రక్తం కదలికని చూపే డాప్లర్‌లో లోపల రక్తప్రసారం కనబడితే నీటి గడ్డ కాదని తెలుస్తుంది. ఈ నరం గడ్డల్లో ఎక్కువ భాగం ష్వానోమా (నరం చుట్టూ ఉండే పొర కణాల నుంచి పుట్టే గడ్డ) లాంటి క్యాన్సర్ కానివే. ష్వానోమా సాధారణంగా నరాన్ని ఒక పక్కకి నెట్టి పెరుగుతుంది, కాబట్టి అలవాటున్న సర్జన్ నరాన్ని కాపాడి దాన్ని ఒలిచి తీయగలరు. కొవ్వు గడ్డ అనుకుని కోసేస్తే నరమూ పోవచ్చు. గడ్డ త్వరగా పెరుగుతున్నా, చేయి కదపకుండా ఉన్నప్పుడూ నొప్పి పుడుతున్నా, 5 సెంటీమీటర్లు దాటినా అల్ట్రాసౌండ్‌తో ఆగకూడదు. మంచిదా చెడ్డదా అన్నది అది తేల్చలేదు, ఎమ్మారై, తర్వాత బయాప్సీ కావాలి.

తమ్ముడి_అక్క:
చాలా థ్యాంక్స్ డాక్టరు గారూ. రేపే అడుగుతాం. చీటీలో ఏమని రాయించుకోవాలి?

నరాల_స్కాన్:
'చేతి అల్ట్రాసౌండ్' అని మాత్రం వద్దమ్మా. అలా రాస్తే కండరం, వాపు చూసి పంపేస్తారు. 'రేడియల్ నరం, చంక నుంచి మోచేయి దాటే వరకు, ఎక్కడైనా తెగిందా, ప్లేటుకి ఎంత దూరంలో ఉంది' అని రాయించండి. ఎక్స్‌రేలు, ఆపరేషన్ నోట్ తీసుకెళ్లండి. ఆపరేషన్‌లో నరాన్ని కళ్లారా చూశారా, ప్లేటుకి ఏ వైపున ఉంచారు అన్నది అందులో ఉంటే స్కాన్ చేసేవాళ్లకి సగం దారి తెలిసినట్టే. ఈలోపు మీ సర్జన్ సరేనంటే, బొటనవేలు పైకి ఉంచి మోచేయి మెల్లగా వంచమనండి. ముంజేతి పైభాగంలో బొటనవేలి వైపున్న కండరం గట్టిపడుతోందేమో అప్పుడప్పుడూ తాకి చూడండి. ఈ నరం కోలుకునేటప్పుడు సాధారణంగా ముందు కదిలేది ఆ కండరమే.