భుజం ఎక్స్‌రే చూసి టెండన్ చిరిగిందని ఎలా చెబుతారు?

ప్రశ్న (ఉప్పల్, హైదరాబాద్):
మా అమ్మగారికి 66 ఏళ్లు, షుగర్ ఉంది. కొన్ని నెలలుగా కుడి చేయి పైకెత్తి అటక మీది డబ్బా అందుకోలేకపోతున్నారు; రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేరు. ఎక్స్‌రే రిపోర్టులో అక్రోమియన్‌కూ (భుజం పైన కప్పులా ఉండే ఎముక భాగం) చేయి ఎముక తలకూ మధ్య ఎడం 5 మిల్లీమీటర్లని రాశారు. రొటేటర్ కఫ్, అంటే భుజం కీలు చుట్టూ కండరాలను ఎముకకు కలిపే టెండన్ల పట్టీ, చిరిగి ఉండవచ్చని డాక్టరుగారు అన్నారు. టెండన్ ఎక్స్‌రేలో కనిపించదు కదా, మరి ఎలా చెప్పగలిగారు?

జవాబు 1 (రేడియాలజిస్టు):
టెండన్ కనిపించదు, నిజమే. అది చిరిగాక ఎముకల అమరికలో వచ్చే మార్పు కనిపిస్తుంది. చేయి ఎత్తేటప్పుడు భుజం మీది డెల్టాయిడ్ కండరం ఎముక తలను పైకి లాగుతుంటే, రొటేటర్ కఫ్ దాన్ని గుంటలోనే అదిమి పట్టి ఉంచుతుంది. ఆ పట్టు తప్పితే తల పైకి జరిగి, మామూలుగా 7 నుంచి 14 మిల్లీమీటర్లుండే ఎడం తగ్గిపోతుంది. చిన్న చిరుగైతే మిగిలిన టెండన్లు సర్దుకుపోతాయి కాబట్టి, ఎడం ఇంతగా తగ్గిందంటే చిరుగు పెద్దదనీ, పాతదనీ అనుమానించాలి. టెండన్ అతుక్కునే బొడిపె దగ్గర ఎముక గరుకుతేలడం, చిన్న తిత్తులు ఏర్పడడం, అక్రోమియన్ అడుగున ముల్లులా ఎముక పెరగడం కూడా ఆ అనుమానానికి బలమిస్తాయే గాని, వాటంతట అవే రుజువులు కావు. చేయి తిప్పి ఉంచిన తీరును బట్టి, కిరణాల కోణాన్ని బట్టి కొలత మారుతుంది. ఫిల్మ్ సరిగ్గా తీశారో లేదో ముందు చూడాలి.

జవాబు 2 (ఫిజియోథెరపిస్టు):
అమ్మగారికి షుగర్ ఉందన్నారు కాబట్టి ఒక్కటి గమనించండి. ఆమె చేతిని వదులుగా ఉంచమని, మీరే నెమ్మదిగా పైకెత్తి చూడండి. మీరు ఎత్తినా లేవకుండా బిగుసుకుపోతే అది షుగర్ ఉన్నవారికి ఎక్కువగా వచ్చే ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) కావచ్చు. మీరు ఎత్తితే లేచి, తనంతట తాను ఎత్తలేకపోతే చిరుగు అనుమానం పెరుగుతుంది. నొప్పి అంటే మాత్రం అక్కడితో ఆపేయండి.

ప్రశ్న అడిగినవారు:
నేను ఎత్తితే లేస్తోందండీ. ఇప్పుడు ఎం.ఆర్.ఐ. తప్పదా?

జవాబు 1 (రేడియాలజిస్టు):
చిరుగు ఉందా లేదా అన్నంతవరకైతే, చేయి తిరిగినవారు చేసే అల్ట్రాసౌండ్ చాలు, ఖర్చూ తక్కువే. ఆపరేషన్ ఆలోచన ఉంటే మాత్రం ఎం.ఆర్.ఐ. కావాలి; టెండన్ ఎంత వెనక్కి ముడుచుకుపోయిందో, కండరంలో కొవ్వు ఎంత చేరిందో తెలియకుండా కుట్టు నిలుస్తుందో లేదో సర్జన్ చెప్పలేరు. ఏ పరీక్షకు వెళ్లినా ఈ ఎక్స్‌రే ఫిల్మ్ వెంట తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు.