లేసిక్ ప్లానింగ్: మ్యాప్ బాగుంది, ఏఐ స్కోరు బాగాలేదు. ఏది నమ్మాలి?

ప్రశ్న:
పేషెంట్ వయసు 23, రెండు కళ్లకీ పవర్ -5. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం 520 మైక్రాన్లు. పెంటాకామ్ (కార్నియా ఆకారాన్ని కొలిచే స్కానర్) మ్యాప్ మామూలుగానే ఉంది, కానీ కార్విస్‌తో (గాలి కొట్టి కార్నియా గట్టిదనం చూసే యంత్రం) కలిపి వచ్చే టీబీఐ (కార్నియా బలహీనత ముప్పుని చెప్పే ఏఐ స్కోరు) కుడి కంటికి 0.41. లేసిక్ ఆపేయాలాండీ?

జవాబు 1:
0.29 దాటితే అనుమానించాల్సిందే. రాండమ్ ఫారెస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ పద్ధతిలో తయారైన ఈ స్కోరు కార్నియా ఆకారాన్నీ, గాలి కొట్టినప్పుడు అది వంగే తీరునీ కలిపి లెక్కేస్తుంది. ముందు స్కాన్ నాణ్యత చూడండి. క్యూఎస్ (స్కాన్ నాణ్యత సూచిక) దగ్గర ఓకే రాకపోతే ఆ అంకెకి విలువ లేదు. సాఫ్ట్ లెన్సులు ఒకటి రెండు వారాలు, ఆర్‌జీపీ (గట్టి లెన్సులు) అయితే మూడు నాలుగు వారాలు మానిపించి మళ్లీ తీయండి. కన్ను పొడిబారినా మ్యాప్ చెడుతుంది.

జవాబు 2:
6.5 మి.మీ. జోన్‌లో లేజర్ ఒక్కో డయాప్టర్ పవర్‌కి సుమారు 14 మైక్రాన్లు తీస్తుంది, అంటే -5కి 70. ఫ్లాప్ (లేజర్‌కి ముందు కోసి పైకెత్తే ముక్క) 110. అడుగున మిగిలేది 340, పీటీఏ (మొత్తం మందంలో ఫ్లాప్, లేజర్ కలిపి వాడేసే వాటా) 35 శాతం. 40 శాతం హద్దు దాటలేదు. అయినా లెక్క కుదిరిందని స్కోరుని కొట్టిపారేయకండి. మందం సరిపోయినా కార్నియా బలహీనంగా ఉండొచ్చు, ఎక్టేసియా (కార్నియా పలచబడి ముందుకి ఉబ్బడం) భయం అక్కడే. తుది లెక్కకి లేజర్ తెర మీది లోతే తీసుకోండి, నా అంకె అంచనా మాత్రమే.

జవాబు 3:
ఎపిథీలియం (కార్నియా పైపైన చర్మంలా ఉండే పలచటి పొర) మ్యాప్ తీశారా? కోన్ (కార్నియా శంకువులా పొడుచుకొచ్చే ఉబ్బు) మొదలయ్యే చోట ఎపిథీలియం పలచబడి ముందువైపు ఉబ్బుని దాచేస్తుంది. వెనకవైపు ఉబ్బు కూడా సరిగ్గా అక్కడే ఉంటే ఆపేయండి. కళ్లు నలుపుకునే అలవాటు, ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ (కార్నియా ఇలా శంకువులా మారే జబ్బు) ఉందా అన్నది టీబీఐకి తెలియదు, మీరే అడగాలి. మళ్లీ తీసినా 0.4 దగ్గరే ఉంటే లేసిక్, స్మైల్ (ఫ్లాప్ లేకుండా చేసే లేజర్ ఆపరేషన్) రెండూ వద్దు. ఏసీడీ (కార్నియాకీ కంటి లెన్సుకీ మధ్య లోతు) 2.8 మి.మీ. పైన ఉంటే ఐసీఎల్ (కంటి లోపల పెట్టే లెన్సు) గురించి మాట్లాడండి.