గేమింగ్ ల్యాప్‌టాప్ సీపీయూ 97 డిగ్రీలు కొడుతోంది, లోపల ఏం మారిస్తే తగ్గుద్ది?

నైట్‌రన్నర్:

అందరికీ నమస్తే. నాది కోర్ ఐ7 10750హెచ్, ఆర్‌టీఎక్స్ 2060 ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్. కొత్తలో బాగానే ఉండేది, ఇప్పుడు ఏ గేమ్ ఓపెన్ చేసినా సీపీయూ వెంటనే 95, 97 దగ్గరికి వెళ్ళి కూర్చుంటోంది, జీపీయూ మాత్రం 80 దాటట్లేదు. ఫ్యాన్లు ఫుల్ స్పీడ్‌లో అరుస్తున్నా మధ్యమధ్యలో క్లాక్ (సీపీయూ వేగం) పడిపోతోంది, 90 ఎఫ్‌పీఎస్ వస్తున్నది ఒక్కసారిగా 50కి జారి మళ్ళీ లేస్తోంది. కీబోర్డ్ పైన పవర్ బటన్ చుట్టుపక్కల అయితే వేలు ఆనించలేం.

అండర్‌వోల్ట్ (సీపీయూకి వెళ్ళే వోల్టేజ్ తగ్గించడం) చేద్దామంటే థ్రాటిల్‌స్టాప్ సాఫ్ట్‌వేర్‌లో అది లాక్ అని చూపిస్తోంది, బయోస్‌లో కూడా ఆ ఆప్షన్ లేదు. కింద ఫ్యాన్లుండే మామూలు కూలింగ్ ప్యాడ్ పెట్టి చూశా, రెండు మూడు డిగ్రీలు తప్ప తేడా ఏం లేదు. వారంటీ ఎలాగూ అయిపోయింది కాబట్టి విప్పడానికి నాకేం ఇబ్బంది లేదు, ర్యామ్, ఎస్ఎస్‌డీ నేనే మార్చుకున్నా, చిప్ వేడిని లాగే హీట్ సింక్ మాత్రం ఎప్పుడూ తియ్యలేదు.

వెతికితే చిప్ మీద మామూలు పేస్ట్ బదులు ఒకరు లిక్విడ్ మెటల్ అంటారు, ఒకరు పీటీఎం షీట్ అంటారు, ఇంకొకరు హీట్ పైపుల మీద రాగి ముక్కలు అతికించమంటారు, బ్యాక్ కవర్‌కి రంధ్రాలు పెట్టమనేవాళ్ళు ఉన్నారు. వీటిలో ముందు ఏది చెయ్యాలి, ఏది అసలు అక్కర్లేదు? హార్డ్‌వేర్ వైపు నుంచే గట్టిగా సెట్ చేసేద్దామని ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

వాట్‌లెక్క:

బ్రో ముందు ఏదీ కొనకు. వేడి ఎక్కడ ఆగిపోతోందో తెలియకుండా ఏం కొన్నా గుడ్డిగా కొన్నట్టే. చిప్‌లో పుట్టిన వేడి పేస్ట్ దాటి రాగి ప్లేట్‌లోకి రావాలి, అక్కణ్ణుంచి హీట్ పైపుల్లోకి, పైపు చివర ఫిన్లలోకి (పల్చటి లోహపు రేకులు), ఫిన్ల నుంచి గాలిలోకి పోవాలి. నువ్వు రాసిన నాలుగు మార్పులూ ఈ దారిలో మూడు వేరే వేరే చోట్ల పనిచేస్తాయి, మరి నీ దగ్గర ఇరుకు ఎక్కడుందో చూడాలి కదా.

దానికి విప్పాల్సిన పని కూడా లేదు. టెంపరేచర్లు, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో పెట్టుకుని పక్కన సీపీయూకి ఫుల్ లోడ్ ఇచ్చే సినీబెంచ్ మల్టీ కోర్ టెస్ట్ రన్ చెయ్యి. స్టార్ట్ కొట్టిన నాలుగైదు సెకన్లకే 95 దాటిపోయి, ఆపగానే దబ్బున 60కి పడిపోతే చిప్‌కీ రాగి ప్లేట్‌కీ మధ్య కాంటాక్ట్ బాలేదని అర్థం, ఎందుకంటే వేడి చిప్‌లోనే ఇరుక్కుంది, అవతల రాగి ఇంకా చల్లగానే ఉంది. అలా కాకుండా 75 నుంచి మెల్లగా ఎక్కుతూ నాలుగైదు నిమిషాలకి 95 అయ్యి, ఆపాక కూడా దిగడానికి టైమ్ తీసుకుంటే కాంటాక్ట్ బానే ఉంది, ఫిన్లూ గాలీ చాలట్లేదు, అప్పుడు పేస్ట్ మార్చి లాభం లేదు. వెనక వచ్చే గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూడు, సీపీయూ 96లో ఉండి బయటికొచ్చే గాలి గోరువెచ్చగా ఉంటే అదీ మొదటి రకమే. ఒక్కో కోర్ టెంపరేచర్ విడిగా చూపిస్తుంది కదా, ఒకే లోడ్‌లో కోర్‌కీ కోర్‌కీ మధ్య 10 డిగ్రీల పైన తేడా కనిపిస్తే ప్లేట్ ఒక పక్కకి ఒరిగి కూర్చుందనో పేస్ట్ ఒక పక్క ఎండిపోయిందనో అనుమానించాలి.

అన్నిటికంటే ముఖ్యం, టెంపరేచర్ పక్కనే సీపీయూ ప్యాకేజ్ పవర్ అని వాట్లు ఉంటాయి, అవి రాసి పెట్టుకో. ఇది చెప్పకుండా వదిలేస్తారు అందరూ. ఈ చిప్‌కి లిమిట్ 100 డిగ్రీలు, టీడీపీ (మామూలుగా లాగే పవర్ లెక్క) 45 వాట్లే కానీ టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, అంతకంటే చాలా ఎక్కువ లాగుద్ది, నువ్వు ఎంత బాగా చల్లబరిస్తే అది అంత ఎక్కువ కరెంట్ తాగి మళ్ళీ లిమిట్ దగ్గరికే వస్తుంది. పేస్ట్ మార్చాక కూడా 95 కనిపించగానే "డబ్బులు దండగ, ఏం తగ్గలా" అని పోస్ట్ పెట్టేవాళ్ళు ఎంతమందో, తీరా చూస్తే ముందు 40 వాట్లకి 95 ఉన్నది ఇప్పుడు 60 వాట్లకి 95 ఉంటుంది, అంటే కూలింగ్ సగానికి సగం పెరిగినట్టే కదా. అందుకే పోల్చేటప్పుడు థ్రాటిల్‌స్టాప్‌లో పీఎల్1, పీఎల్2 (సీపీయూ పవర్ లిమిట్లు) రెండూ ఒకే నంబర్‌కి కట్టేసి, అప్పటి రూమ్ టెంపరేచర్ కూడా రాసుకుని, ముందూ తర్వాతా అదే టెస్ట్ చెయ్యి. గేమ్‌లో కాకుండా ముందు సీపీయూ ఒక్కదాన్నే టెస్ట్ చెయ్యి, ఈ ల్యాప్‌టాపుల్లో చాలావాటికి సీపీయూ, జీపీయూ రెండిటి మీదా అవే హీట్ పైపులు పోతాయి కాబట్టి గేమ్‌లో ఎవరి వేడి ఎవరిదో తేలదు.

నైట్‌రన్నర్:

థాంక్స్ అన్నా, ఇప్పుడే చేశా. స్టార్ట్ కొట్టగానే 96, ఆపిన వెంటనే 58కి పడిపోయింది. వాట్లు 38 దగ్గర ఆగిపోయాయి, అంటే 45 కూడా లాగలేకపోతోంది. కోర్లలో ఒకటి 97 ఉంటే ఇంకోటి 82 ఉంది. వెనక గాలి నిజంగానే గోరువెచ్చగా ఉంది. నువ్వు చెప్పిన లెక్కన కాంటాక్ట్ అనే తేలింది కదా. మరి మామూలు పేస్ట్ పెట్టాలా, పీటీఎం పెట్టాలా, లిక్విడ్ మెటలా? హీట్ సింక్ తీస్తే దాని కింద మిగతా చిప్పుల మీద ఉండే థర్మల్ ప్యాడ్లు (మెత్తటి పట్టీలు) కూడా మార్చాలంటున్నారు, వాటి మందం ఎలా తెలుసుద్ది?

స్క్రూడ్రైవర్:

నేను రోజూ చేసే పని ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నానండి. మీది విప్పితే ఏం కనిపిస్తుందో ఇప్పుడే చెప్పగలను, చిప్ మధ్యలో పేస్ట్ దాదాపు ఉండదు, అద్దంలాగా మెరుస్తూ ఉంటుంది, ఉన్న పేస్ట్ అంతా నాలుగు అంచుల బయట గట్టులాగా పేరుకుని ఉంటుంది. దీన్ని పంప్ అవుట్ అంటారు. డెస్క్‌టాప్ ప్రాసెసర్ మీద లోహపు మూత ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో మూత ఉండదు, సిలికాన్ ముక్క మీదే రాగి ప్లేట్ నేరుగా కూర్చుంటుంది. గేమ్ ఆడినప్పుడల్లా వేడెక్కి ఆపినప్పుడల్లా చల్లారుతుంటే సిలికాన్ ఒక లెక్కన, రాగి ఒక లెక్కన సాగి ముడుచుకుంటాయి, ఆ కదలికకి పేస్ట్ కొంచెం కొంచెంగా బయటికి తోసేయబడుతుంది. డెస్క్‌టాప్‌లో ఏళ్ళ తరబడి ఉండే పల్చటి పేస్ట్ ఇక్కడ కొన్ని నెలలకే జారిపోవడానికి కారణం అదే.

అందుకే మీకు నేను చెప్పేది హనీవెల్ పీటీఎం7950. రూమ్ టెంపరేచర్‌లో మైనం షీట్‌లాగా గట్టిగా ఉంటుంది, 45 డిగ్రీలు దాటగానే మెత్తబడి చిప్ అంతా పరుచుకుంటుంది, చల్లారితే మళ్ళీ గట్టిపడుతుంది, అందుకే పేస్ట్‌లాగా బయటికి పోదు. కరెంట్ కూడా పాస్ అవ్వదు కాబట్టి చిప్ కంటే కొంచెం పెద్దగా కోసినా నష్టం లేదు. పెట్టేటప్పుడే విసిగిస్తుంది, రెండు పక్కలా ప్లాస్టిక్ పొర ఉంటుంది, వేళ్ళ వేడికే అతుక్కుపోయి పొరతో పాటు షీట్ కూడా లేచొస్తుంది. కోసిన ముక్కని ఓ పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీసి, ఒక పొర ఒలిచి చిప్ మీద అతికించి వేలితో మెల్లగా ఒత్తి, రెండో పొర మూల నుంచి చాలా అడ్డంగా, దాదాపు చిప్‌కి ఆనించినట్టు లాగండి. మూల చిరిగితే కంగారు పడొద్దు, చిరిగిన ముక్క అక్కడే పెట్టండి, వేడికి కలిసిపోతుంది. బిగించిన వెంటనే రీడింగ్ చూసి డిసైడ్ అవ్వొద్దు, కొన్నిసార్లు బాగా వేడెక్కి చల్లారాకే అది పల్చబడి సెటిల్ అవుతుంది. నకిలీలు చాలా తిరుగుతున్నాయి, చూసి కొనండి.

విప్పే ముందు పది నిమిషాలు గేమ్ ఆడి షట్‌డౌన్ చెయ్యండి, పాత పేస్ట్ వేడికి మెత్తబడి హీట్ సింక్ సులువుగా వస్తుంది. బ్యాక్ కవర్ తియ్యగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ పీకడం, ఆ తర్వాతే ఏదైనా. హీట్ సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని నంబర్లు ఉంటాయి, బిగించేటప్పుడు ఆ వరసలో, విప్పేటప్పుడు చివరి నుంచి, ఒక్కోటి ఒక్కో చుట్టు చొప్పున. ఒకటి పూర్తిగా విప్పేసి తర్వాతదానికి వెళ్తే ప్లేట్ ఒక మూల మీద ఎత్తు పడి మూత లేని చిప్ అంచు పగలొచ్చు. రాకపోతే పైకి లాగొద్దు, అటూ ఇటూ కొంచెం తిప్పండి.

ఇక ప్యాడ్లు. ఎక్కువ ల్యాప్‌టాప్‌లు పాడయ్యేది ఇక్కడే, పేస్ట్ దగ్గర కాదు. వీర్యామ్ (గ్రాఫిక్స్ మెమరీ) చిప్పుల మీద, పవర్ ఇచ్చే మాస్‌ఫెట్‌ల మీద ఉండే ప్యాడ్లు 0.5, 1, 1.5 ఎంఎం ఇలా ఒక్కో చోట ఒక్కో మందం ఉంటాయి. అర ఎంఎం ఎక్కువ పెట్టారంటే ఆ ప్యాడ్ మీద హీట్ సింక్ నిలబడిపోయి చిప్‌కి ఆనదు, మీరు ఎంత మంచి షీట్ వేసినా 97 దగ్గరే ఉంటుంది. తక్కువ పెడితే మాస్‌ఫెట్‌కి గాలి తప్ప ఏం తగలదు, అది ఇంకా ప్రమాదం. పాత ప్యాడ్ మధ్యలో నలిగి ఉంటుంది కాబట్టి అక్కడ కొలిస్తే తప్పు నంబర్ వస్తుంది, చిప్ అంచు దాటి బయటికి వేలాడుతున్న కొస ఉంటుంది చూడండి, అది నలగకుండా అసలు మందంతోనే ఉంటుంది, వెర్నియర్ అక్కడ పెట్టి కొలవండి. పాత ప్యాడ్లు చిరగకుండా మెత్తగా ఉంటే ముట్టుకోవద్దు, వాటినే ఉంచేయండి. చిరిగిపోతే మాత్రం థర్మల్ పుట్టీ వాడండి, ముద్దలాగా పెడితే ఎంత సందు ఉంటే అంతకి అదే నలుగుతుంది, మందం గొడవే ఉండదు.

మీ కోర్ల మధ్య 15 డిగ్రీల తేడా ఉందన్నారు కాబట్టి ఇంకో పని కూడా చెయ్యండి. పీటీఎం వేసే ముందు మామూలు పేస్ట్ పల్చగా రాసి, హీట్ సింక్ బిగించి, మళ్ళీ తీసి ప్లేట్ మీద పడిన అచ్చు చూడండి. చిప్ ఆకారం మొత్తం సమానంగా పల్చగా పడితే సరే. ఒక పక్క మందంగా, ఒక పక్క తుడిచేసినట్టు ఉంటే ప్లేట్ వంకరగా కూర్చుంటోంది, ఏదో ఒక ప్యాడ్ ఎత్తుగా ఉండటమో హీట్ సింక్ చెయ్యి వంగడమో అయ్యుంటుంది, అది సరిచేశాకే ముందుకెళ్ళాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా శుభ్రంగా తుడిచి షీట్ వేయండి.

గాలియం_ఫ్యాన్:

పైన అన్న చెప్పినవన్నీ కరెక్టే కానీ లిక్విడ్ మెటల్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా, నేను వాడుతున్నా, టెంపరేచర్ పరంగా దాన్ని మించింది లేదు. ప్లేస్టేషన్ 5లో సోనీ వాడింది అదే, ఏసుస్ కూడా కొన్ని ఆర్‌ఓజీ ల్యాప్‌టాపుల్లో ఫ్యాక్టరీ నుంచే వేసింది. కానీ వాళ్ళు చిప్ చుట్టూ కట్ట కట్టినట్టు ఫోమ్ పెట్టి సీల్ చేసి వేశారు, మనం ఇంట్లో ఊరికే రాసేసి మూసేస్తే అది వేరే సంగతి. ఇది గాలియం, ఇండియం, టిన్ కలిపిన లోహం, కరెంట్ పాస్ అవుతుంది, చిప్ పక్కనే ఉండే చిన్న కెపాసిటర్ల మీద ఒక్క చుక్క పడినా బోర్డ్ పోవచ్చు. వాటి మీద ఇన్సులేషన్ కోటింగ్ వేసి, చుట్టూ ఫోమ్ పెట్టాలి. హీట్ సింక్ అల్యూమినియం అయితే అసలు ఆలోచనే వద్దు, గాలియం దాన్ని తినేసి పొడి పొడి చేసేస్తుంది. రాగి అయితే పర్లేదు కానీ మొదట్లో కొంత పీల్చుకుంటుంది, కొన్నాళ్ళకి మళ్ళీ వేయాల్సి రావచ్చు, నికెల్ పూత ఉన్న రాగి మేలు.

నీది రోజూ బ్యాగ్‌లో నిలువుగా పెట్టి తిప్పే ల్యాప్‌టాప్ అయితే, హీట్ సింక్ మొదటిసారి తీస్తున్నావంటే, పీటీఎం వెయ్యి బ్రో. దానికీ దీనికీ ఉన్న కొద్ది డిగ్రీల కోసం బోర్డ్‌ని రిస్క్‌లో పెట్టొద్దు. పైగా ప్లేట్ వంకరగా ఉంటే లిక్విడ్ మెటల్ ఇంకా ఘోరం, సందు నింపేంత మందం దానికి ఉండదు.

నైట్‌రన్నర్:

సరే పీటీఎం, పుట్టీ రెండూ ఆర్డర్ పెడుతున్నా. మరి రాగి హీట్ సింకులు అతికించడం, బ్యాక్ కవర్‌కి రంధ్రాలు, ఈ రెండూ ఇప్పుడే ఒకేసారి చేసేయనా, ఎలాగూ విప్పుతున్నా కదా?

వాట్‌లెక్క:

ఒకేసారి వద్దు, ఏది ఎంత ఇచ్చిందో తేలదు. ముందు పీటీఎం అయ్యాక పీఎల్ నంబర్లు మళ్ళీ పైకి పెట్టి అదే టెస్ట్ పెట్టు, ఇప్పుడు 55, 60 వాట్లు లాగుతూ మెల్లగా ఎక్కడం మొదలైందంటే ఇరుకు చిప్ దగ్గర్నుంచి ఫిన్ల దగ్గరికి జరిగినట్టు, గాలి సంగతి అప్పుడు చూద్దాం.

హీట్ సింక్ తీసినప్పుడే ఫ్యాన్ మూత కూడా విప్పు. ఫ్యాన్‌కీ ఫిన్లకీ మధ్య దుమ్ము దుప్పటిలాగా పేరుకుంటుంది, బయట నుంచి చూస్తే కనపడదు, బయట నుంచి ఊదితే అది ఫ్యాన్ వైపు జరుగుతుందే తప్ప పోదు. గాలి కొట్టేటప్పుడు రెక్కలు తిరగకుండా పట్టుకో.

రాగి ముక్కల సంగతి, హీట్ పైపు మీద అతికిస్తే అవి వేడెక్కడానికి కొంచెం టైమ్ పడుతుంది కాబట్టి మొదటి నిమిషంలో నంబర్ బాగుంటుంది, వాటి మీదుగా గాలి పోకపోతే తర్వాత మళ్ళీ అంతే. మాస్‌ఫెట్‌ల మీద ఖాళీగా వదిలేసిన బోర్డులు ఉంటాయి, అక్కడ చిన్నవి పెడితే మాత్రం పనికొస్తాయి. ఎక్కడ పెట్టినా బాగా అతుక్కోవాలి, ఊడి బోర్డ్ మీద పడితే షార్ట్. పైపులు వంచడం, నొక్కడం చెయ్యొద్దు, లోపల చిటికెడు నీళ్ళు, వత్తిలాంటి పొర ఉంటాయి, వేడి చివర ఆవిరై చల్లటి చివర నీరై ఆ పొర గుండా వెనక్కొస్తుంది, నొక్కుకుపోతే ఆ దారి మూసుకుపోతుంది.

రంధ్రాలు చెయ్యాలో వద్దో డ్రిల్ ముట్టుకోకముందే తెలిసిపోతుంది. బ్యాక్ కవర్ మొత్తం తీసేసి, ల్యాప్‌టాప్‌ని నాలుగు మూలలా ఎత్తు మీద పెట్టి, ఫ్యాన్లకి ఏం తగలకుండా చూసి అదే టెస్ట్ రన్ చెయ్యి. అయిదారు డిగ్రీలు తగ్గితే కవర్ గాలిని ఆపుతున్నట్టే, అప్పుడు ఫ్యాన్లకి సరిగ్గా ఎదురుగా మాత్రమే తెరిచి జాలీ అతికించు. ఒకటి రెండు డిగ్రీలే తగ్గినా, పెరిగినా కవర్ జోలికే పోవద్దు, కొన్ని మోడల్స్‌లో వెంట్లు కావాలనే దూరంగా పెడతారు, గాలి ఎస్ఎస్‌డీ, మాస్‌ఫెట్‌ల మీదుగా ఫ్యాన్ దాకా రావాలని, నువ్వు దగ్గర్లో తెరిస్తే సీపీయూ తగ్గి అవి కాలుతాయి. అలాంటప్పుడు చుట్టూ ఫోమ్ సీల్ ఉండి గాలిని లోపలికి నెట్టే రకం కూలర్ బెటర్, నీ దగ్గరున్న మామూలు ప్యాడ్ గాలి సగం పక్కలకే పోతోంది.

చేస్తే మాత్రం కవర్ విడిగా పెట్టి చెయ్యి, స్క్రూ గుంతలకీ బ్యాటరీ ఉండే చోటుకీ దూరంగా. కవర్ లోహానిదైతే రజను ఒక్క రేణువు కూడా మిగలకుండా కడిగి ఆరాకే బిగించు. టెస్ట్ నంబర్లు ముందూ తర్వాతా వాట్లతో సహా ఇక్కడే పెట్టు, కోర్ల మధ్య తేడా 15 నుంచి ఎంతకి వచ్చిందో కూడా రాయి.