నాన్నగారికి కంప్యూటర్‌లో వర్డ్ నేర్పిస్తున్నా, ఈ సంగతులు మీ పెద్దవాళ్లకు మీరెలా చెప్పారు?

కృష్ణా_తీరం:
మా నాన్నగారు ఇంగ్లిష్ టైపు లోయర్ పాసై, ఆఫీసులో టైపు మిషన్ మీదే సగం సర్వీసు చేశారు. ఇప్పుడు మా ఊరి చెరువు గురించి తెలుగులో రాస్తానని వర్డ్ ముందు కూర్చున్నారు. నిన్న అక్షరాల సైజు 12 నుంచి 14కి పెంచాను. అంతే, ఒక నిండు లైను, దాని కింద ఒక్క మాట, మళ్లీ నిండు లైను... మూడు పేజీలూ అలాగే అయిపోయాయి. ఆయన ముఖం చూస్తే బాధేసింది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటివి ఎలా చెప్పారు?

పాత_డీటీపీ:
ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టి ఉంటారండీ. మిషన్ మీద గంట మోగగానే లివర్ పట్టుకుని క్యారేజీని కుడివైపుకు నెట్టాలి కదా, ఆ చేతి అలవాటు ఎన్నేళ్లైనా పోదు. వర్డ్‌లో లైను నిండితే మాట దానంతటదే కిందికి దిగుతుంది. దాన్నే వర్డ్ ర్యాప్ అంటారు. ఎంటర్ అంటే ‘లైను అయింది’ అని కాదు, ‘పేరా అయింది’ అని. పేరాలోనే కొత్త లైను కావాలంటే షిఫ్ట్+ఎంటర్. పద్యపాదాలకు, అడ్రసుకు అది వాడండి. కొత్త పేజీకి కంట్రోల్+ఎంటర్.

కంట్రోల్+షిఫ్ట్+8 నొక్కితే ఎంటర్ కొట్టిన ప్రతిచోటా తిరగేసిన ‘పీ’ లాంటి గుర్తు కనిపిస్తుంది. ముందు అది చూపించండి.

ఖమ్మం_కోడలు:
మా అత్తయ్యకు సేవ్ దగ్గర దెబ్బ తగిలింది. పోయిన నెల సంఘం తీర్మానం తెరిచి, తేదీ, విషయం మార్చి కంట్రోల్+ఎస్ కొట్టేశారు. పాతది పోయింది. రెండు రోజులు ఒకటే టెన్షన్. ‘అసలు కాగితం మీదే చెరిపి రాస్తే సేవ్, జిరాక్స్ తీసుకుని దాని మీద రాస్తే సేవ్ యాజ్’ అని చెప్పాక పట్టుకున్నారు. ఇప్పుడు ఫైలు తెరవగానే ఎఫ్12 నొక్కి కొత్త పేరు పెట్టాకే మొదలుపెడతారు. కట్ చేసింది వెంటనే పేస్ట్ చేయమని కూడా చెప్పండి. మధ్యలో ఇంకోటి కాపీ చేస్తే మొదటిది పోతుంది. కంగారు పడితే కంట్రోల్+జెడ్, చివర చేసిన పని వెనక్కి పోతుంది.

తూర్పు_గాలి:
బోల్డ్, ఇటాలిక్ ఒక్క పూటలో వచ్చేస్తాయి. ఫాంట్ సంగతి మాత్రం ముందే చెప్పండి. నేను పాత డీటీపీ ఫాంట్‌లో 40 పేజీలు కొట్టి పెన్‌డ్రైవ్‌లో షాపుకు తీసుకెళ్తే, తెర మీద ఒక్క తెలుగక్షరం లేదు, అన్నీ ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెడతాయి. ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ముసుగు ఊడిపోతుంది. యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతి. అందులో ‘క’కి ఎక్కడైనా ఒకటే నంబరు, అందుకే ఫాంట్ మారినా ‘క’ ‘క’గానే ఉంటుంది. గౌతమి, నిర్మలా యూఐ ఫాంట్లు రెండూ యూనికోడే. ప్రింటుకు ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ చేసి ఇవ్వండి.

కృష్ణా_తీరం:
అందరికీ ధన్యవాదాలు. మాది గౌతమే, బతికిపోయాం. గుర్తులు చూపించాను. నాన్నగారు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. ‘ఇన్నిసార్లు కొట్టానా!’ అని, నన్ను ముట్టుకోనివ్వకుండా ఒక్కోటి డిలీట్ చేసి స్పేస్ కొడుతూ కూర్చున్నారు. రాత్రికి రెండు పేజీలు బాగయ్యాయి.

ఇంకో సందేహం. ‘ట్యాంక్‌బండ్’ అని కొడితే ‘క’ కింద ‘బ’ ఒత్తు పడుతోంది. ఆయనకది అస్సలు నచ్చడం లేదు.

పాత_డీటీపీ:
ఆయన పట్టుదల సరైనదే. పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి పెట్టాలి, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘ట్యాంక్’ దాకా కొట్టి, కీబోర్డు ఇంగ్లిష్‌కు మార్చి, 200 పక్కనే సి కొట్టి ఆల్ట్+ఎక్స్ నొక్కండి. ఆ నంబరు మాయమవుతుంది. మళ్లీ తెలుగుకు వచ్చి ‘బండ్’ కొట్టండి, ఒత్తు పడదు.